మంచునడుమ మనస్సును కాచుకొనినవాడు: సర్ ఎర్నెస్టు షాకిల్టన్ జీవితము

గోపురము కట్టించగోరువాడు పని మొదలుపెట్టకముందే కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనను ఉపమానము లూకా సువార్త 14వ అధ్యాయములో ఉన్నది. మన సంఘములలో చిన్నపిల్లలు సహా ఎరిగిన సంగతియే. అయితే ఖర్చు అనగానే మనము రూకలను, రాళ్లను, సున్నమును తలంచుకొందుము. మనస్సునకు కాబోవు ఖర్చును ముందుగా లెక్కించువారు తక్కువ. కరవు వచ్చునని ధాన్యము దాచుదుము గాని, ఆ కరవు దినములలో ఇంటివారి హృదయములు ఎట్లుండునో, ఎవరు ఎవరిమీద విసుగుకొందురో, ఎవరు మౌనముగా కృంగిపోవుదురో ఆలోచింపము. ఈ లెక్కను బహు జాగ్రత్తగా చూచుకొనిన ఒక నావికుని చరిత్రను ఈ నెల మా చదువరుల ముందు ఉంచుచున్నాము. అతడు తలపెట్టిన పెద్ద కార్యములలో ఒక్కటియు నెరవేరలేదు. అయినను అతని పేరు నూరు సంవత్సరములు దాటినను మరువబడలేదు.

ఎర్నెస్టు హెన్రీ షాకిల్టన్ 1874వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన ఐర్లాండు దేశములోని కిల్డేరు జిల్లాలో, కిల్కీ అను పల్లెలో పుట్టెను. పదిమంది బిడ్డలలో ఇతడు రెండవవాడు. తండ్రి మొదట వ్యవసాయము చేసి, అది గిట్టక, పెద్ద వయస్సులో వైద్యము చదివి, కుటుంబముతో లండను చేరెను. కుమారుడు కూడ వైద్యుడు కావలెనని ఆయన కోరిక. కుమారునికి మాత్రము బడి రుచింపలేదు. 16 ఏండ్లకే తెరచాప ఓడలో పనివాడుగా చేరి, దక్షిణ అమెరికా కొనయందలి భయంకరమైన కేప్ హార్న్ సముద్రమును చలికాలములో దాటెను. 1898 నాటికి ఏ ఓడకైనను అధిపతిగా ఉండదగిన యోగ్యతా పత్రమును సంపాదించెను.

భూమికి దక్షిణపు కొనయందు అంటార్కిటికా అను ఖండమున్నది. అది మన భారతదేశమునకు నాలుగింతలు పెద్దది. దానిమీద చెట్టు లేదు, ఊరు లేదు, పుట్టి పెరిగిన ప్రజలు లేరు. మంచు ఒకటి రెండు మైళ్ల మందమున పేరుకొని యుండును. దాని నడుమనున్న దక్షిణ ధ్రువమునకు అప్పటికి ఎవరును చేరలేదు. 1901లో కెప్టెన్ స్కాట్ అను నౌకాదళపు అధికారి డిస్కవరీ అను ఓడపై అచ్చటికి వెళ్లినప్పుడు షాకిల్టన్ ఆయనతో వెళ్లెను. 1902 నవంబరులో స్కాట్, విల్సన్ అను వైద్యుడు, షాకిల్టన్, ఈ ముగ్గురును మంచుమీద నడచుచు దక్షిణమునకు సాగిరి. కుక్కలు చచ్చెను, ఆహారము చాలలేదు, తాజా ఆహారము లేనందున వచ్చు స్కర్వీ వ్యాధి ముగ్గురిని పట్టెను. తిరుగు ప్రయాణములో షాకిల్టన్ ఊపిరాడక, రక్తము కక్కుచు, బండిలాగు పనికి పనికిరానివాడాయెను. 1903లో స్కాట్ ఆయనను వ్యాధిగ్రస్తునిగా ఇంటికి పంపివేసెను.

బలవంతుడనని పేరుపడిన యౌవనునికి ఇది చాల అవమానము. కాని మేము చదివిన మట్టుకు ఆయన తరువాతి జీవితములోని మంచి గుణములకు వేరు ఇచ్చటనే ఉన్నది. బలహీనుడుగా ఇతరులకు భారమై నడుచుట ఎట్టిదో ఆయన తన దేహమందే నేర్చుకొనెను. అటుతరువాత తన క్రింద పనిచేయువారిలో ఎవడైన తడబడినప్పుడు, వాడు సిగ్గుపడకుండ వానిని ఆదుకొను ఉపాయము ఆయనకు తెలిసియుండెను.

1904లో ఎమిలీ డార్మన్ అను ఆమెను వివాహము చేసికొనెను. ముగ్గురు బిడ్డలు కలిగిరి. వ్యాపారములు పెట్టి నష్టపోయెను, 1906లో పార్లమెంటు ఎన్నికకు నిలిచి ఓడిపోయెను. ఒడ్డున ఆయనకు ఏదియు కలిసిరాలేదు.

1907లో అప్పుచేసి నిమ్రాద్ అను చిన్న ఓడను సిద్ధపరచి తానే నాయకుడుగా బయలుదేరెను. ఆదికాండము 10వ అధ్యాయములోని వేటగాని పేరే ఆ ఓడది. 1909 జనవరి 9వ తేదీన ఆయనయు ఫ్రాంక్ వైల్డ్, మార్షల్, ఆడమ్స్ అను మరి ముగ్గురును 88 డిగ్రీల 23 నిమిషముల దక్షిణ అక్షాంశమును చేరిరి. ధ్రువమునకు ఇంక సముద్రపు మైళ్లలో 97, మన మైళ్లలో 110కి పైగా మిగిలియుండెను. అంతకుముందు ఏ మనుష్యుడును అంత దూరము పోలేదు. ఇంకను ముందుకు పోయినయెడల ధ్రువమును చూచెదరు గాని తిరిగి రాలేరు. ఆహారపు లెక్క అట్లున్నది. షాకిల్టన్ అచ్చట జెండా నాటి వెనుకకు మరలెను. ప్రసంగి గ్రంథము 9వ అధ్యాయము 4వ వచనములో సింహమును గూర్చియు కుక్కను గూర్చియు ఉన్న మాటను మన చదువరులు ఎరుగుదురు. షాకిల్టన్ ఇంటికి వచ్చి భార్యతో అదే భావమును చెప్పుకొనెను, కాకపోతే కుక్కకు బదులు తన్ను గాడిదతో పోల్చుకొనెను.

ఆ తిరుగు ప్రయాణములో జరిగిన చిన్న సంగతి ఒకటున్నది. వైల్డ్ అనునతడు విరేచనములతో క్షీణించి గుఱ్ఱపు మాంసము తినలేకపోయెను. రొట్టె బిస్కత్తులు ఒక్కొక్కరికి లెక్కగా ఉన్నవి. ఒకనాటి ఉదయమున షాకిల్టన్ తన వంతు బిస్కత్తును బలవంతముగా అతనికిచ్చి, తీసికొననియెడల మంచులో పాతిపెట్టెదనని బెదరించెను. లోకములోని ధనమంతయు ఆ ఒక్క బిస్కత్తుకు సాటిరాదని వైల్డ్ ఆ రాత్రి తన దినచర్యలో వ్రాసికొనెను. అతడు షాకిల్టన్ చనిపోవువరకు ఆయనకు నమ్మకస్థుడుగా ఉండెను.

1911 డిసెంబరు 14న నార్వే దేశస్థుడైన అముండ్సెన్ ధ్రువమును చేరెను. స్కాట్ మరియు అతని నలుగురు అనుచరులు 1912 జనవరిలో చేరి, తిరుగుదారిలో మరణించిరి. ఇక మిగిలిన పెద్దపని యొక్కటే, ఖండమును ఈ సముద్రమునుండి ఆ సముద్రమువరకు దాదాపు 1,800 మైళ్లు అడ్డముగా దాటుట. షాకిల్టన్ దానికి పూనుకొనెను.

ఇచ్చట మనస్సును గూర్చి కొంత చెప్పవలెను. 1898లో బెల్జికా అను ఓడ దక్షిణ సముద్రపు మంచులో చిక్కి, శీతకాలమంతయు సూర్యుడు కానరాని చీకటిలో నిలిచిపోయెను. ఆహారలోపము, చీకటి, విసుగు, ఒకే ముఖములను ప్రతిదినము చూచుట, వీటివలన కొందరికి మతి చలించెను. మంచుకంటె ఓడలోపలి దిగులే ఎక్కువ అపాయమని ధ్రువయాత్రికులందరును దానినిబట్టి నేర్చుకొనిరి. షాకిల్టన్ కూడ ఆ పాఠమును మరువలేదు. యాత్రికునికి ఉండవలసిన గుణములలో ఆయన నిరీక్షణతో కూడిన ఉల్లాసమును మొదట ఉంచెను. తరువాత ఓర్పు, తరువాత దేహబలము, తరువాత ఉన్నతమైన ఆశయము. ధైర్యమును చిట్టచివర ఐదవదిగా ఉంచెను. దీనిని చదువరులు గమనింపవలెను. ధైర్యము సుమారుగా అందరికిని ఉండును గాని, తొమ్మిదవ నెలలోను నవ్వగలవాడు అరుదు అని ఆయన ఎంచినట్లు మాకు తోచుచున్నది.

మనుష్యులను కోరుచు ఆయన ఒక పత్రికలో విచిత్రమైన ప్రకటన వేయించెనని పలువురు చెప్పుదురు. అట్టి ప్రకటనను ఏ పాత పత్రికలోను ఎవరును కనుగొనలేదు గనుక దానిని మేమిచ్చట వ్రాయము. ప్రకటన లేకున్నను వేలకొలది మనుష్యులు వచ్చుటకు దరఖాస్తు చేసికొనిరి. వారిని ఏరుటలో ఆయన పద్ధతి వింతగా నుండెను. జేమ్స్ అను పదార్థ శాస్త్రజ్ఞుడు రాగా, శాస్త్రమునుగూర్చి అంతగా అడుగక, పాడగలవా యని అడిగెను. గొప్ప సంగీతము అక్కరలేదు, నలుగురితో గొంతు కలుపగలిగిన చాలునని భావము. వాతావరణ శాస్త్రజ్ఞుడైన హస్సీ అప్పటికి సూడాను ఎండలలో పనిచేయుచుండెను. అంత వేడినుండి అంత చలికి రాగోరుట షాకిల్టన్‌కు నవ్వు పుట్టించెను, చేర్చుకొనెను. హస్సీ తనతో బాంజో అను తంత్రీవాద్యమును తెచ్చుకొనెను.

షాకిల్టన్ వంశపు బిరుదువాక్యము ఓర్పుచేత జయింతుమను భావము గలది. అందువలన నార్వేలో కట్టిన తన ఓడకు ఎన్డ్యూరెన్స్, అనగా ఓర్పు, అని పేరు మార్చెను. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము మొదలాయెను. షాకిల్టన్ తన ఓడను మనుష్యులను దేశమునకు ఇచ్చెదననెను గాని ప్రభుత్వము పొమ్మనెను. బయలుదేరకముందు రాజమాత అలెగ్జాండ్రా ఓడను చూడవచ్చి, స్వహస్తముతో మొదటి పుటలో వ్రాసి, ఒక బైబిలును ఇచ్చెను. ఈ బైబిలును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను.

1914 డిసెంబరు 5న దక్షిణ జార్జియా ద్వీపమును విడిచిరి. ఓడలో 28 మంది, 69 కుక్కలు. ఆ 28 మందిలో బ్లాక్‌బరో అను పడుచువాడు దొంగతనముగా ఎక్కి దాగియున్నవాడు. 1915 జనవరి మూడవ వారములో, దిగవలసిన ఒడ్డు ఒక దినపు ప్రయాణ దూరములో ఉండగా, వెడెల్ సముద్రపు మంచు ఓడచుట్టు బిగిసెను. మంచును రంపములతో కోసిరి, గొడ్డళ్లతో నరికిరి. ఫలములేకపోయెను. ఫిబ్రవరి నెలాఖరున, ఇక చలికాలమంతయు ఇచ్చటనే యని షాకిల్టన్ తెలియజేసెను. ఖండమును దాటుటయను ఆశ ఆ దినమున చచ్చెను. ఆయన కోపపడలేదు, దుఃఖము కనుపరచలేదు అని తోడివారు వ్రాసియున్నారు. తన నిరాశను మ్రింగుకొని, పనుల పట్టికను వ్రాయించెను.

మే నెల మొదట సూర్యుడు దిగిపోయి జూలై నెలాఖరువరకు కనబడలేదు. ఇంత చీకటిలో బెల్జికా ఓడలో కలిగినది ఇచ్చట కలుగలేదు. ఏలయనగా షాకిల్టన్ కొన్ని సంగతులను కఠినముగా పాటించెను. భోజనము వేళకు అందరు కలిసి చేయవలెను. విశ్వవిద్యాలయములో చదివినవాడైనను నేల కడుగు వంతు తప్పించుకొనరాదు. కుక్కలను పంచుకొని పెంచిరి, వాటికి మంచుతో ఇండ్లు కట్టిరి, జూన్ మాసములో వాటికి పరుగుపందెము పెట్టిరి. మంచుమీద బంతి ఆడిరి. శీతకాలపు నడిదినమున విందు చేసికొని వేషములు వేసిరి. సీలు జంతువుల తాజా మాంసము తినుటవలన స్కర్వీ రాలేదు. దిగులుపడిన ఏలీయాతో దేవుడు మాటలాడకముందు అతడు నిద్రించెను, దూత అతనికి రొట్టెయు నీళ్లును ఇచ్చెనని 1 రాజులు 19వ అధ్యాయములో చదువుదుము. కృంగినవానికి ముందు వేడి అన్నము పెట్టవలెనని మన అమ్మమ్మలు కూడ ఎరుగుదురు. బుద్ధి చెప్పుట తరువాత.

కష్టకాలములో మనస్సు ఎప్పుడు ఎక్కువ కృంగునని శాస్త్రజ్ఞులు విచారించిరి. మొదటనో చివరనో యని మనము తలంచుదుము. 1991లో ఇద్దరు పరిశోధకులు, సగము కాలము గడిచిన వెంటనే వచ్చు మూడవ పాలు కష్టతరమని వ్రాసిరి. అటుతరువాత చూచినవారిలో అందరును దీనిని ఒప్పుకొనలేదు. అయినను విత్తునాటి సంబరము తీరి, కోతల సంబరము ఇంకను రాని నెలలలో రైతు ఇంట ఉండు విసుగును ఎరిగినవారికి ఇది వింతగా తోచదు. ఇశ్రాయేలీయుల సణుగులు కూడ ఎక్కువగా నడిదారిలోనివే గదా.

అక్టోబరునాటికి మంచు ఓడను నలుగగొట్టెను. 27వ తేదీన అందరు మంచుమీదికి దిగిరి. నవంబరు 21న ఓడ మునిగిపోయెను. ఇక తేలుచున్న మంచుపలకయే వారి నేల. బరువు తగ్గించుకొనవలెను గనుక ఒక్కొక్కడు రెండు పౌనులకు మించి సొంతసామాను ఉంచుకొనరాదని షాకిల్టన్ ఆజ్ఞాపించి, ముందుగా తన బంగారు నాణెములను అందరు చూచుచుండగా మంచుమీద పారవేసెను. రాజమాత ఇచ్చిన బైబిలును కూడ అక్కడ ఉంచెను. అయితే దానిలోనుండి ఆమె చేవ్రాలున్న పుటను, 23వ కీర్తన ఉన్న పుటను, యోబు గ్రంథములో మంచు ఎవని గర్భమునుండి వచ్చెనని దేవుడు అడుగు 38వ అధ్యాయపు పుటను చింపి తనయొద్ద ఉంచుకొనెను. ఇట్లు చింపుట తగునా యని కొందరు అడుగవచ్చును. మేము ఆయనను తప్పుపట్టము. ఇంత చేసినవాడు హస్సీ బాంజోను మాత్రము పారవేయనియ్యలేదు. దాని బరువు 12 పౌనులు. అది మనస్సునకు మందు అని ఆయన ఎంచెను.

బొచ్చుతో చేసిన వెచ్చని పరుపుసంచులు 18 మాత్రమే ఉండెను, మిగిలినవి ఉన్నివి, తక్కువరకము. చీట్లు వేసిరి. చీట్ల ఫలితము చిత్రముగా నుండెను. షాకిల్టన్‌కును పెద్ద అధికారులకును ఉన్ని సంచులే వచ్చెను, సామాన్య నావికులకు బొచ్చువి వచ్చెను. ఆ చీట్లలో కొంత మోసము జరిగినదని నావికులు గ్రహించిరి, కాని ఇట్టి మోసముమీద ఎవరు ఫిర్యాదు చేయుదురు? గుడారములు పంచునప్పుడు ఆయన చేసినది మాకు ఇంకను నచ్చినది. తన ప్రసిద్ధినిబట్టి అతిశయించు ఛాయాచిత్రకారుడైన హర్లీని, ఇతరుల ఎగతాళికి గురియగు జేమ్స్‌ను, విసుగు పుట్టించు హడ్సన్‌ను తన గుడారములోనికే తీసికొనెను. మనస్సునకు ఇంపైనవారిని దగ్గర ఉంచుకొనుట సుళువు. సణుగువానిని తన పక్కన పండుకొనబెట్టుకొనినవాడు వాని మాటలు గుడారమునుండి గుడారమునకు పాకకుండ ఆపగలిగెను.

ఆయన చేసినదంతయు మంచిదని చెప్పుట మా ఉద్దేశము కాదు. డిసెంబరు నెలాఖరున పడవలను మంచుమీద ఈడ్చుచుండగా వడ్రంగియైన మెక్‌నిష్ ఇక ఈడ్వనని తిరుగబడెను. అతని పెంపుడు పిల్లిని అంతకుముందు షాకిల్టన్ ఆజ్ఞచేత చంపియుండిరి. షాకిల్టన్ అందరిని కూర్చి ఓడ ఒప్పందమును చదివి వినిపించి అతనిని లొంగదీసెను. ఆ తరువాత ఆ వడ్రంగియే పడవలను ఎత్తుచేసి, పైకప్పు వేసి, అందరి ప్రాణములు నిలుపు పని చేసెను. అయినను యాత్ర ముగిసిన తరువాత రాజు ఇచ్చు పతకము అతనికిని మరి ముగ్గురికిని రాకుండ షాకిల్టన్ చేసెను. ఇది క్షమింపనేరని మనస్సు. మరియొకటి, మంచుమీద ఉన్నప్పుడు ఎక్కువ సీళ్లను చంపి నిలువచేయుదమని కొందరు చెప్పగా ఆయన వద్దనెను. నెలకు మించి దాచినయెడల, ఇచ్చట ఇంకను చాలకాలము ఉండవలెనేమోయని మనుష్యులు అధైర్యపడుదురని ఆయన వాదము. తరువాత వేట దొరకక ఆకలిపడిరి, కుక్కలను చంపి తినవలసివచ్చెను. ఐగుప్తులో యోసేపు అట్లు చేసియుండడు. ఉల్లాసమునకు కూడ గింజల లెక్క ఉండవలెను.

1916 ఏప్రిల్ 9న మంచుపలక పగిలెను. మూడు పడవలలో ఏడు దినములు చలిసముద్రముమీద అలమటించి, 15వ తేదీన ఎలిఫెంటు ద్వీపమను నిర్జనమైన రాతిదిబ్బను చేరిరి. దక్షిణ జార్జియా విడిచిన తరువాత 497 దినములకు వారి పాదములు నేలను తాకెను. దారిలో హర్లీ చేతితొడుగులు పోగొట్టుకొనగా షాకిల్టన్ తనవి అతనికిచ్చి, తన వ్రేళ్లు గడ్డకట్టించుకొనెను.

ఆ ద్వీపమునకు ఏ ఓడయు రాదు. కాబట్టి షాకిల్టన్ 22 మందిని వైల్డ్ చేతికి అప్పగించి, అయిదుగురితో 22 అడుగుల పొడవుగల జేమ్స్ కెయిర్డ్ అను పడవలో, దాదాపు 800 మైళ్ల దూరముననున్న దక్షిణ జార్జియాకు ఏప్రిల్ 24న బయలుదేరెను. తోడుకొనిపోయిన అయిదుగురిలో తిరుగుబాటు చేసిన మెక్‌నిష్‌ను, జగడగొండియైన విన్సెంట్‌ను చేర్చెను. వారు వెనుక ఉన్నయెడల వైల్డ్‌కు కష్టమగునని ఆయన ముందుగా ఆలోచించెను. లోకములోని ఘోరమైన సముద్రములలో అది యొకటి. 16 దినముల ప్రయాణములో సూర్యుని చూచి దారి లెక్కించుటకు వర్స్‌లీకి నాలుగు పర్యాయములు మాత్రమే వీలు చిక్కెను. లెక్క కొంచెము తప్పినను ద్వీపమును దాటి మహాసముద్రములో పడుదురు.

ఆ పడవలో షాకిల్టన్ మనుష్యులను కనిపెట్టుచుండిన విధమును వర్స్‌లీ వ్రాసియుంచెను. ఎవడైన చలికి మరి ఎక్కువగా వణకుచుండినయెడల, వాని పేరు చెప్పక, అందరికి వేడిపాలు కాచి పోయుమని ఆజ్ఞాపించును. ఆ పాలు తనకొరకేయని రోగికి తెలియదు. తెలిసినయెడల వాడు తన స్థితికి భయపడును. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములో, తుపానులో పదునాలుగు దినములు ఆహారము ముట్టని 276 మందిని పౌలు భోజనము చేయుమని బతిమాలి, తానే మొదట రొట్టె విరిచి తినెను. ఓడను నడుపుట పౌలునకు తెలియదు గాని, ఓడలోనివారి ప్రాణములు సొమ్మసిల్లుచుండినప్పుడు ఏమి చేయవలెనో తెలియును.

మే 10న దక్షిణ జార్జియా చేరిరి, కాని మనుష్యులు లేని ప్రక్కన. తిమింగలములను పట్టు నార్వేవారి ఊరు కొండలకు ఆవల ఉండెను. ఆ కొండలను అంతవరకు ఎవరు దాటలేదు. మెక్‌నిష్ పడవలోని మరలను ఊడదీసి చెప్పుల అడుగున బిగించి, జారకుండునట్లు చేసెను. షాకిల్టన్, వర్స్‌లీ, క్రీన్ అను ముగ్గురును మే 19న తెల్లవారుజామున బయలుదేరి, గుడారములేక, 36 గంటలు ఆగక నడచిరి. ఒకచోట వర్స్‌లీ, క్రీన్ కూలబడి నిద్రపోయిరి. ఆ చలిలో నిద్ర మరణమే గనుక షాకిల్టన్ అయిదు నిమిషములకు లేపి, అరగంట నిద్రించిరని చెప్పెను. వారు నిజముగానే అరగంట నిద్రించినవారివలె సేదదీరి నడచిరి. ఈ అబద్ధమును గూర్చి మా తీర్పు అడుగవద్దు.

ఆ నడకలో తాము ముగ్గురు కాక నలుగురుగా ఉన్నట్లు తనకు మాటిమాటికి తోచెనని షాకిల్టన్ తన గ్రంథములో వ్రాసెను. ఆయన ఎవరితోను చెప్పకముందే వర్స్‌లీ తనంతట తానే అట్టి భావమును బయలుపెట్టెను, క్రీన్ కూడ ఒప్పుకొనెను. దానియేలు 3వ అధ్యాయములోని అగ్నిగుండము మనకు వెంటనే జ్ఞాపకమువచ్చును. 1933లో ఎవరెస్టుమీద ఒంటరిగా ఎక్కుచుండిన ఫ్రాంక్ స్మైత్ అనునతడు కూడ తనతో ఒకరున్నట్లు తోచి, తిండిలో సగము విరిచి ఇవ్వబోయెను. అలసట, చలి, ఒంటరితనము మెదడును ఇట్లు చేయునని వైద్యులు చెప్పుదురు. షాకిల్టన్ దానిని విడమరచి చెప్పుటకు మాటలు చాలవని విడిచిపెట్టెను. మేమును అట్లే విడిచిపెట్టుచున్నాము.

మే 20వ తేదీ సాయంకాలము ముగ్గురు స్ట్రామ్‌నెస్ చేరిరి. వారి రూపమును చూచి పిల్లలు పారిపోయిరి. పరిచయస్థుడైన అధికారియు గుర్తుపట్టలేదు. అప్పటినుండి ఎలిఫెంటు ద్వీపమునకు పోవుటకు షాకిల్టన్ మూడు పర్యాయములు మూడు ఓడలతో యత్నించెను, మంచు మూడుసార్లు త్రోసివేసెను. ఆ మూడు నెలలలో ఆయన వెండ్రుకలు నెరిసెనని చెప్పుదురు. నాలుగవ పర్యాయము చిలీ ప్రభుత్వపు యెల్చో అను చిన్న ఓడ, పార్డో అను అధిపతి నడుపగా, ఆగస్టు 30న చేరెను. షాకిల్టన్ దూరమునుండి మనుష్యులను లెక్కించెను. 22 మంది, ఒక్కడును తప్పలేదు.

అక్కడి 128 దినములు వైల్డ్‌కు వచ్చిన పరీక్ష. రెండు పడవలను తలక్రిందులుచేసి అందరు దానిక్రింద జీవించిరి. బ్లాక్‌బరో గడ్డకట్టిన కాలివ్రేళ్లను వైద్యులు అక్కడనే కోసివేసిరి. వంటలపుస్తకమొకటి ఉండగా రాత్రివేళ ఒక్కొక్క వంటకమునుగూర్చి చదివి, దానిని బాగుచేయుట ఎట్లని చర్చించుకొనిరి. శనివారము బాంజో పాటలు. ప్రతి ఉదయము వైల్డ్ అందరిని లేపి, నాయకుడు ఈ దినమే రావచ్చును గనుక పరుపులు చుట్టుకొని సిద్ధముగా ఉండుడని చెప్పుచుండెను. 127 దినములు అది నెరవేరలేదు.

ఈ కథను చెప్పువారు ఒక్క ప్రాణమైనను నష్టము కాలేదని చెప్పి ముగింతురు. అది సరికాదు. ఖండమునకు ఆవలి ప్రక్కన, షాకిల్టన్ దాటివచ్చునప్పుడు అక్కరకు రావలెనని దారిపొడవున ఆహారము నిలువచేయుటకు మరియొక గుంపు పంపబడెను. వారి ఓడ తాడు తెంచుకొని కొట్టుకొనిపోగా, అరకొర బట్టలతో నిలిచి, వాగ్దానము చేసిన ఆహారమును చేర్చవలసిన చోట చేర్చిరి. దాటివచ్చువారు ఎవరును లేరని వారికి తెలియదు. స్పెన్సర్‌స్మిత్ అను పాదిరిగారు స్కర్వీచేత నడువలేక, బండిమీద పడుకొనియే వారములకొలది ఈడ్వబడి, 1916 మార్చి 9న మంచుమీదనే ప్రాణము విడిచిరి. మేలో మాకింతోష్, హేవార్డ్ అను ఇద్దరు సముద్రపు మంచుమీద నడచి తిరిగిరాలేదు. 1917 జనవరిలో షాకిల్టన్ స్వయముగా వెళ్లి మిగిలిన ఏడుగురిని తెచ్చెను. తమ నాయకుడు వచ్చునని నమ్మి, రాని నాయకునికొరకు ఆహారము దాచి చనిపోయిన ఆ పాదిరిగారిని మన సంఘములు ఎరుగకపోవుట విచారకరము.

ఇంటికి వచ్చినను షాకిల్టన్ మనస్సు ఒడ్డున నిలువలేదు. అప్పులు పెరిగెను, త్రాగుడు పెరిగెను, భార్య చాల ఓర్చుకొనెను. మంచుమీద 27 మంది మనస్సులను కాచిన మనుష్యుడు తన మనస్సును ఇంటిలో కాచుకొనలేకపోయెను. గుండెజబ్బున్నదని అనుమానమున్నను వైద్యులను పరీక్షింపనియ్యలేదు. 1921లో క్వెస్ట్ అను ఓడలో మరల దక్షిణమునకు బయలుదేరగా, ఎన్డ్యూరెన్స్‌లోని పాతవారు ఎనమండుగురు ఆయనవెంట వచ్చిరి. వారిలో కొందరికి పాత జీతమే పూర్తిగా ముట్టలేదు. 1922 జనవరి 5న, దక్షిణ జార్జియా రేవులో, 47 ఏండ్ల వయస్సున గుండె ఆగి చనిపోయెను. హస్సీ దేహమును ఇంగ్లండునకు తీసికొనిపోవుచుండగా, ఆయనను ఆ ద్వీపములోనే పాతిపెట్టుడని భార్య వర్తమానము పంపెను. మార్చి 5న గ్రిట్వికెన్ శ్మశానములో నార్వే నావికుల నడుమ సమాధిచేసిరి. 2011లో వైల్డ్ చితాభస్మమును తెచ్చి ఆయన కుడిప్రక్కన ఉంచిరి.

ఓడ వెడెల్ సముద్రములో 3,008 మీటర్ల లోతున నిలువుగా నిలిచియుండగా 2022 మార్చి 5న కనుగొనిరి. సమాధిచేసిన దినమునకు సరిగా నూరు సంవత్సరములు. వెనుకనున్న పేరులోని అక్షరములు చక్కగా చదువవచ్చును. మంచుమీద విడిచిన బైబిలు మాత్రము మునుగలేదు. దేవుని గ్రంథమును పారవేయుట కీడని మెక్‌లియడ్ అను ముసలి నావికుడు ఎవరికి చెప్పక దానిని తీసి తన మూటలో దాచుకొనెను. పడవలలోను, ఎలిఫెంటు ద్వీపపు పడవకప్పు క్రిందను అది అతనియొద్దనే ఉండెను. ఇప్పుడది లండనులోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో, ఆ చింపిన పుటలు లేకుండ, ఉన్నది.